ఎయిట్ బై టెన్ ఫ్రేము

ఫోటోల షాపులో పనికి చేరేనాటికి పొడుగమ్మకు నలభై తొమ్మిదేళ్ళు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఒకే ఆఫీసులో, ఒకే కిటికీ పక్కన కూర్చుని టైపు కొట్టింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా ఆమె కుర్చీకి ఢోకా రాలేదు. ఆఫీసర్లు ఎవరి ఉత్తరాలు వాళ్ళే కొట్టుకోవడం నేర్చుకున్నాక వచ్చింది. చివరి రోజున అందరూ కలిసి ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, సాయంత్రం బస్సుల వేళకి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పొడుగమ్మ అన్నది అసలు పేరు కాదు. పదమూడో ఏట అక్కని దాటింది, పద్నాలుగో ఏట అమ్మని దాటింది, పదిహేనో ఏట వంటింటి ద్వారబంధానికి నుదురు కొట్టుకుంది. ఆ రోజు నాన్న పెట్టిన పేరది. "ఇంకా ఎదిగావంటే ఇంటికప్పుకి చిల్లు పెట్టించాలే పొడుగమ్మా" అన్నాడు. అంతే, ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది. బళ్ళో గ్రూపు ఫోటోలు తీసేటప్పుడు మాష్టారు "నువ్వు చివరికి పో తల్లీ, మధ్యలో స్తంభంలా అడ్డు" అనేవారు. ఏటా ఆ మాట వినీ వినీ, పెద్దయ్యాక ఎవరూ చెప్పకపోయినా, కెమెరా కనబడితే చాలు ఆమె కాళ్ళు వాటంతట అవే వరస చివరికి నడిచేవి.

పెళ్ళి కాలేదు. చేసుకోనని ఒట్టేమీ పెట్టుకోలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చి, ఆమె ఎత్తు చూసి వెనక్కి పోయాయి. తర్వాత అమ్మ జబ్బు. అమ్మ పోయాక నాన్న బాగోగులు. మేడ మీద రెండు గదుల వాటాలో తండ్రీ కూతుళ్ళిద్దరూ పదకొండేళ్ళు ఉన్నారు. నాన్న కూడా వెళ్ళిపోయాక ఆమె ఒంటికాయ సొంఠికొమ్ములా మిగిలింది. రెండో గదిలోకి వెళ్ళాల్సిన పనే పడేది కాదు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దుప్పటి. ఆదివారాలు మరీ మొండివి. శనివారం సాయంత్రం ఎవరితోనో "ఉంటానండీ" అన్న మాటే ఆమె నోటివెంట వచ్చిన ఆఖరి మాట. సోమవారం పొద్దున బస్సులో టికెట్టు అడగబోతే గొంతు పెగిలేది కాదు. కండక్టరు "ఎక్కడికమ్మా?" అని ఒకటికి రెండుసార్లు అడగాల్సి వచ్చేది.

అలాగని ఆమెకు ఎవరూ లేరని కాదు. అక్క ఉంది. అదే ఊళ్ళో, ఒకే బస్సులో ఇరవై స్టాపుల దూరంలో. కానీ ఆరేళ్ళుగా ఇద్దరికీ రాకపోకలు లేవు. గొడవ పడ్డారా అంటే పడలేదు. ఒక్క మాట తూలింది లేదు. జరిగింది చెబితే ఇంతేనా అనిపిస్తుంది.

అక్క కూతురు డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు అందరూ కాలేజీకి వెళ్ళారు. బావ అప్పుడే కొత్తగా పెద్ద డిజిటల్ కెమెరా కొన్నాడు. అందర్నీ ఒక గోడ ముందు వరసగా నిలబెట్టి, కెమెరాని ఎదురుగా మెట్టు మీద పెట్టి, టైమరు నొక్కి పరుగున వచ్చి వరసలో దూరేవాడు. మొదటిసారి ఫోటోలో ఆయన వీపు ఒక్కటే పడింది. రెండోసారి చెప్పు ఊడి కెమెరా ముందే చతికిలబడ్డాడు. మూడోసారికి కుదిరింది. అప్పటికి అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. ఎడమ చివర కుర్చీలో నాన్న, ఆ పక్కన బావ వాళ్ళ అక్క, తర్వాత బావ, ఆ పక్కన నల్లగౌనులో పట్టా పట్టుకుని పిల్ల, పిల్ల పక్కన అక్క, అక్క చుట్టూ చెయ్యి వేసి కుడి చివర పొడుగమ్మ. మొత్తం ఆరుగురు.

ఆ తర్వాత నాలుగు నెలలకి నాన్న పోయాడు. మరో రెండు నెలలు గడిచాక, ఒక ఆదివారం ఎప్పటిలాగే పొడుగమ్మ అక్క ఇంటికి వెళ్ళింది. హాల్లో సోఫా పైన గోడకి కొత్త ఫ్రేము వేలాడుతోంది. అదే ఫోటో. దగ్గరికి వెళ్ళి చూసింది. నాన్న ఉన్నాడు. బావ వాళ్ళ అక్క, బావ, పిల్ల, అక్క ఉన్నారు. అక్క తర్వాత ఫ్రేము అంచు. పొడుగమ్మ లేదు. అక్క భుజం మీద మాత్రం, వెనకనుంచి వచ్చి పట్టుకున్న నాలుగు వేళ్ళు మిగిలాయి.

ఆమె మనసు చివుక్కుమంది. ఆ నాలుగు వేళ్ళనీ అలా చూస్తూ ఉండిపోయింది. అక్క వంటింట్లోంచి టీ తెస్తూ "ఫ్రేము బావుందా? పిల్ల స్నేహితురాలు ఇచ్చిందే" అంది. "బావుంది" అంది పొడుగమ్మ. టీ తాగింది. ఏదో మాట్లాడింది. వచ్చేసింది.

మరుసటి ఆదివారం ఒంట్లో బాగాలేదంది. ఆ పైవారం పని ఉందంది. అక్క రెండుసార్లు ఫోను చేసి "ఏంటే, రావట్లేదు?" అని అడిగింది. మూడోసారి అడగలేదు. ఫోన్లు నెలకొకటయ్యాయి, ఆ తర్వాత ఏడాదికి ఒకటో రెండో. నాన్న ఉన్నన్నాళ్ళే నేను ఆ ఇంటి మనిషిని, నాన్న పోగానే కత్తెర పడింది అని పొడుగమ్మ తనకు తాను తీర్పు చెప్పుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కడుపులో పెట్టుకుని ఆరేళ్ళు మోసింది.

*

షాపు రెండు రోడ్లు కలిసే మూల మీద ఉంది. ముందు భాగంలో గాజు బల్ల, దాని మీద కంప్యూటరు. వెనక తెల్లటి తెర, స్టూలు, పాస్‌పోర్టు ఫోటోలు తీసే చోటు. పక్కన ప్రింటు మిషను, కాగితం కత్తిరించే పెద్ద కట్టరు. లామినేషను వేడికి ప్లాస్టిక్కు కాలిన వాసన ఎప్పుడూ గాలిలో ఉండేది. యజమానికి అరవై దగ్గర పడ్డాయి. ముక్కు చివరికి జారిన కళ్ళజోడులోంచి కాకుండా దాని పైనుంచి చూసేవాడు. మనిషి మంచివాడు, నోరే ఊరుకునేది కాదు.

మొదటి రోజే పాఠం చెప్పాడు.

"మేడం, మీరు టైపు చేసేవారు కదా. లైను కాగితం దాటిపోతే ఏం చేసేవారు?"

"కింద లైనులోకి వెళ్ళేదాన్ని."

"ఇక్కడ కింద లైను ఉండదు. కాగితం అయిపోయిందంటే మనిషి అయిపోయినట్టే."

ఆయన ఒక పాత అట్టముక్క మీద పెన్సిలుతో గళ్ళు గీసి చూపించాడు. పెద్ద కెమెరాలో తీసిన ఫోటో మూడు వంతుల వెడల్పు, రెండు వంతుల ఎత్తు. నాలుగంగుళాలకి ఆరంగుళాల ఫోర్ బై సిక్స్ కాగితమూ అదే లెక్క, కాబట్టి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ఎయిట్ బై ట్వెల్వ్ కూడా అంతే. ఫోను ఫోటో నాలుగుకి మూడు. దాన్ని ఫోర్ బై సిక్స్ మీద వేస్తే పైనో కిందో కొంత పోవాల్సిందే, తలలో కాళ్ళో.

"ఇక అందరికన్నా మొండిఘటం ఈ ఎయిట్ బై టెన్" అన్నాడు. "చూడటానికి పెద్దగానే ఉంటుంది గానీ, ఇంచుమించు చదరం. పెద్ద కెమెరా ఫోటోని ఇందులో పెట్టామంటే ఆరో వంతు మింగేస్తుంది. అయినా బజార్లో ఎక్కడ చూసినా ఆ సైజు ఫ్రేములే. కానుక ఇచ్చేవాళ్ళు అదే కొంటారు. పుచ్చుకున్నవాళ్ళు తెచ్చి మన నెత్తిన పెడతారు."

"కొంచెం నిలువుగా సాగదీస్తే సరిపోదా?"

"సాగదీస్తే అందరూ మా బక్క బావమరిదిలా తయారవుతారు. వద్దు."

చుట్టూ తెల్ల అంచు వదిలి ఫోటో మొత్తం వేసే ఉపాయం ఒకటుంది. కానీ చాలామందికి నచ్చదు. "ఇదేంటండీ, సగం వేసి వదిలేసినట్టుంది" అంటారు. అందుకని యజమాని పెట్టిన నియమం ఒకటే. అడక్కుండా కొయ్యకూడదు. తెర మీద ఫోటో పైన ఆ సైజు గడి పెట్టి చూపించి, ఎటువైపు పోవాలో వాళ్ళ నోటితోనే చెప్పించి, కవరు మీద 'కుడి కోత', 'ఎడమ కోత' అని రాసుకోవాలి.

పొడుగమ్మకు ఆ పని ఇట్టే పట్టుబడింది. అక్షరం తప్పు పోనివ్వని వేళ్ళు, అంగుళం కూడా తప్పు పోనివ్వలేదు. రోజంతా ఎవరో ఒకరు వచ్చి ఆమె ఎదుట నిలబడి తమవాళ్ళని చూపించేవారు. ఒకాయన భార్య ఫోటో తెచ్చి, "కాళ్ళు పోతే పోనివ్వండి, ఎలాగూ కొత్త చెప్పులు కొనివ్వలేదని ఆ మొహంలోనే తెలుస్తోంది" అన్నాడు. కొండ మీద దిగిన ఫోటో తెచ్చిన ముసలి జంట ఆకాశం ముక్క కూడా పోకూడదని పట్టుబట్టి, చివరికి ఫ్రేమే మార్చుకొస్తామని వెళ్ళారు. ఇంకొకావిడ తెర మీద ఒక మొహం మీద గోరు పెట్టి, "వీడు మాత్రం కనబడకూడదు. ఎంత కోస్తారో మీ ఇష్టం" అంది. ఇంతమంది మొహాలూ చూసి, సాయంత్రం కట్టరు తుడిచి, పొడుగమ్మ మేడ మెట్లెక్కి తన గదికి వెళ్ళేది. అక్కడ ఆమె మొహం చూసేవాళ్ళు లేరు.

చేరిన ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం డ్రైవింగు స్కూలు మాష్టారు వచ్చాడు. ఆయన దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళంతా కలిసి దిగిన ఫోటో, వాళ్ళే కొనిచ్చిన ఫ్రేము. ఎయిట్ బై టెన్. పొడుగమ్మ ఫోటో తెరిచి గడి పెట్టింది.

"మొత్తం పట్టదండీ. ఇటు చివరో అటు చివరో ఒకరు పోతారు."

మాష్టారు తెర మీదికి వంగాడు. ఎడమ చివర ఎర్రచొక్కా మనిషి గర్వంగా కారు తాళాలు ఊపుతున్నాడు. కుడి చివర ఒక బక్కపలచటి మనిషి చేతులు కట్టుకుని ఒదిగి నిలబడ్డాడు.

"ఎర్రచొక్కాని తీస్తే నా ప్రాణం తీస్తాడు. ఇటుపక్క మనిషిని తీసెయ్యండి."

"ఆయన ఏమీ అనుకోరా?"

"ఆయనా? అబ్బే. బంగారంలాంటి మనిషి. నేనంటే ప్రాణం. అసలు నాకు బాగా దగ్గరివాడు ఇందులో ఎవరైనా ఉన్నారంటే ఆయనే." మాష్టారు నవ్వాడు. "అందుకే భయం లేదు, తీసెయ్యండి."

పొడుగమ్మ కవరు మీద 'కుడి కోత' అని రాసింది. రాశాక ఆ రెండు మాటలూ చూస్తూ ఉండిపోయింది. మాష్టారు వెళ్ళిపోయినా ఆమె చెయ్యి పెన్ను మీదే ఉంది.

"ఏవండీ" అని యజమానిని పిలిచింది. "ఎటు కొయ్యాలో ఎవరూ చెప్పకపోతే మిషను ఏం చేస్తుంది?"

"రెండు పక్కలా సమానంగా కోసేస్తుంది. దానికి చుట్టాలా పక్కాలా?"

"ఒక పక్క మాత్రమే పోయి, రెండో పక్క చెక్కుచెదరకుండా ఉంటే?"

"ఎవరో చెప్పి కోయించుకున్నట్టు" అన్నాడాయన కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "ఎందుకు, ఎవరైనా గొడవకొచ్చారా?"

"లేదండీ. ఊరికే."

అంతకుముందు రెండు మూడు నెలలుగా ఆమె మనసులో ఒక చిన్న ఆశ మొలకెత్తింది. ఫ్రేము సైజే తనని కోసిందేమో, అక్క తప్పేమీ లేదేమో అని. ఆ ఒక్క మాటతో అది కాస్తా పోయింది. గోడ మీది ఫోటోలో నాన్న కుర్చీ కాలితో సహా నిండుగా ఉన్నాడు. మిషను కోత కాదది. ఎవరో తన వైపు వేలు చూపించారు.

మర్నాడు యజమాని భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె షాపు కంప్యూటరులో తన మెయిలు తెరిచింది. ఆరేళ్ళ కిందట బావ ఆ రోజు ఫోటోలన్నీ అందరికీ పంపాడు. తనకు వచ్చినవి ఆమె ఏనాడూ తెరవలేదు. వెతికి వెతికి పట్టుకుంది. మొదటిది బావ వీపు. రెండోది బావ చతికిలబాటు. మూడోది తెర నిండా పరుచుకుంది.

అందరూ ఉన్నారు. నాన్న నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కింది పన్ను లేని సంగతి కూడా మరిచిపోయి నవ్వుతున్నాడు. పొడుగమ్మ తన మొహం చూసుకుంది. తను ఇలా నవ్వగలదని ఆమెకే తెలియదు.

కాసేపటికి ఎయిట్ బై టెన్ గడి తీసి ఫోటో మీద పెట్టింది. గడి మధ్యలో నిలబడింది. ఇటు సగం పొడుగమ్మ పోయింది, అటు నాన్న మొహం నిట్టనిలువునా రెండుగా చీలింది. అలా ఏ కూతురూ వేయించుకోదు. గడిని కుడివైపు జరిపింది. తను మొత్తం లోపలికి వచ్చింది. నాన్న మొత్తం బయటికి పోయాడు. ఆయన చేతికర్ర మాత్రం మిగిలింది. ఎడమవైపు జరిపింది. నాన్న వచ్చాడు. తను పోయింది. అక్క భుజం మీద నాలుగు వేళ్ళు.

మళ్ళీ కుడికి జరిపింది. మళ్ళీ ఎడమకి. ఎన్నిసార్లు జరిపిందో ఆమెకు లెక్క తెలియదు. చివరికి గడిని ఎడమవైపే వదిలి, మౌసు మీంచి చెయ్యి తీసేసింది. తనైనా అంతే చేసేది. ఏ షాపువాడు అడిగినా, ఏ రోజు అడిగినా, అంతే చేసేది.

యజమాని తిరిగొచ్చేసరికి ఆమె ఎయిట్ బై ట్వెల్వ్ కాగితం మీద ఆరుగురినీ ప్రింటు తీసి, ఆరబెట్టినట్టు బల్ల మీద పరిచి కూర్చుని ఉంది. ఆయన ఫోటో చూశాడు, ఆమె మొహం చూశాడు, ఎప్పుడూ ఊరుకోని నోరు ఆ పూటకి ఊరుకుంది.

*

ఆదివారం పొద్దున బస్సెక్కింది. ఇరవై స్టాపులూ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. తలుపు తట్టి ఏమనాలో నాలుగు రకాలుగా అనుకుంది గానీ, తలుపు తెరుచుకునేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

అక్క చిక్కిపోయింది. జుట్టు సగానికి సగం తెల్లబడింది. కళ్ళు చికిలించి, తల కొంచెం పక్కకి వంచి చూసింది.

"ఎవరు? ... పొడుగూ?"

"నేనే."

అక్క తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. "ఎవరే వచ్చింది?"

"మా చెల్లెలు."

"అయితే దారి మరిచిపోలేదన్నమాట. లోపలికి రమ్మను, గుమ్మంలో దిష్టిబొమ్మలా ఎందుకూ."

హాలు అలాగే ఉంది. సోఫా మారింది. ఫ్రేము ఆ గోడ మీదే ఉంది. పొడుగమ్మ దానివంక చూడకుండా కూర్చుంది. అక్క ఎదురుగా కూర్చుని మళ్ళీ తల పక్కకి వంచి చూసింది.

"కంటికేమైంది?"

"ఆపరేషనయింది. సరిగ్గా కుదర్లేదు. ఇటుపక్క అంతా మసక."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే."

పొడుగమ్మ సంచీలోంచి కవరు తీసి ఇచ్చింది. అక్క ఫోటో బయటికి లాగి, కిటికీ వెలుతురులోకి వంగి, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. చివరికి వచ్చేసరికి ఆగింది.

"ఇందులో నువ్వున్నావే!"

"మొదట్నుంచీ ఉన్నాను. గోడ మీద దాంట్లోనే లేను."

అక్క తలెత్తి గోడవంక చూసింది. బావ చేతిలో పేపరు కిందికి దిగింది.

"చోటు చాల్లేదు" అంది అక్క.

"చాలదని నాకు తెలుసక్కా. ఇప్పుడు నేను చేసే పనే అది. నన్ను తియ్యమని ఎవరు చెప్పారు?"

"నేనే."

అక్క దాచలేదు. మెల్లిగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది.

"షాపతను అటా ఇటా చెప్పమన్నాడు. అటు నాన్న. నాన్న పోయి అప్పటికింకా రెండు నెలలైనా కాలేదు. నాన్న ఎప్పుడూ నీ దగ్గరే ఉన్నాడు. నా దగ్గర నాన్న నవ్వుతున్నది ఇదొక్కటే. ఇటు చూస్తే నువ్వు. వారం వారం వచ్చి ఇక్కడే సోఫాలో కూర్చునేదానివి. ఎదురుగా కూర్చునే మనిషికి గోడ మీద చోటెందుకు? నువ్వెక్కడికి పోతావులే అనుకున్నాను."

అక్క చేతిలోని ఫోటోని మెల్లిగా కవరు మీద పెట్టింది.

"పోయావుగా" అంది అక్క.

పొడుగమ్మ చేతులు చూసుకుంది. "నాలుగు వేళ్ళు మిగిల్చావు. అది చూసి తట్టుకోలేకపోయాను."

"వేళ్ళేంటి?"

అక్క లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. సోఫా మీద మోకాలు పెట్టి, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది.

"అవునే. నీ వేళ్ళే. నేను ఇన్నాళ్ళూ బట్ట మడత అనుకున్నాను."

బావ ఫక్కున నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆపుకున్నాడు.

"నాన్న కోసమే మాతో కలిసేదానివేమో అనుకున్నాం" అంది అక్క, గోడవైపే తిరిగి. "నాన్న పోయాక మాతో నీకు పనేముంది, దానికి దాని బతుకు ఉంది అనుకున్నాం. ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగొచ్చుగా?"

"రెండుసార్లు అడిగాను."

"మూడోసారి అడగలేదు."

"మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదే" అంది అక్క. చెంగుతో బాగున్న కన్ను తుడుచుకుంది. పొడుగమ్మ లేచి వెళ్ళింది గానీ, దగ్గరికి వెళ్ళాక ఏం చెయ్యాలో తోచక, సోఫా దిండు సర్ది నిలబడింది. ఇద్దరూ పొర్లి పొర్లి ఏడవలేదు, కౌగిలించుకోలేదు. బావ వెళ్ళి టీ పెట్టాడు. అందులో పంచదార ఎక్కువైంది. ముగ్గురూ ఆ సంగతి మాట్లాడుకుని, మాట్లాడుకోవడానికి ఒకటి దొరికినందుకు సంతోషించారు.

ఆ ఎయిట్ బై ట్వెల్వ్ ఫోటో ఫ్రేములో పట్టదు కదా, టీవీ పక్కన నిలబెట్టారు. తర్వాత ఎప్పుడో బావ దాన్ని బీరువాలో జాగ్రత్తగా దాచాడట. గోడ మీద పాతదే ఉంది. మార్చమని పొడుగమ్మ అడగలేదు.

*

ఆ తర్వాత ఆమె వారం విడిచి వారం వెళ్ళడం మొదలుపెట్టింది. పోయిన ఆరేళ్ళు ఒక కప్పు టీతో తిరిగి వస్తాయా? మాటల మధ్యలో తెలియని పేర్లు దొర్లేవి. ఆ ఇంట్లో ఇప్పుడు కొత్త హాస్యాలు ఉన్నాయి. "ఆ బ్యాంకాయన గొడుగులా అయింది మన పని" అని బావ అనేవాడు, అక్క కడుపు పట్టుకుని నవ్వేది. ఆ బ్యాంకాయన ఎవరో, గొడుగేమైందో పొడుగమ్మకు తెలియదు. మొదట్లో అడిగేది. వాళ్ళు ఓపిగ్గా మొదట్నుంచీ చెప్పేవారు. చెప్పాక ఆ నవ్వు సగం చచ్చిపోయేది. క్రమంగా అడగడం మానేసి, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వడం నేర్చుకుంది. పక్క ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న అక్క కూతురు ఫోనులో "పిన్నీ, బావున్నారా?" అని అడిగింది. ఇదివరకు "బావున్నావా" అనే పిల్ల. ఆ ఒక్క అక్షరం తేడాకి పొడుగమ్మ ఆ పూటంతా కుమిలింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కోసారి అనుకునేది, వెళ్ళకపోయినా ఇంతే ఒంటరిదాన్ని కదా అని. అయినా వారం విడిచి వారం వెళ్ళేది.

వానాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, బావ నిద్రపోతుంటే, అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. అక్కకి ఏదో గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది.

"పిల్ల వాటా మారిన రోజు నీకు గుర్తుందా? ఆ ఇనప బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది చూడు. మీ బావ పైన, మనం కింద. ఆయన దిగలేడు, మనం ఎక్కలేం. రెండు గంటలు! పైనుంచి మంచినీళ్ళు, మంచినీళ్ళు అని ఒకటే అరుపు. చివరికి ఆయన పైనుంచి తాడు వదిలితే చెంబు కట్టి పంపాం."

పొడుగమ్మ చేతిలో తువ్వాలు ఆగింది. ఆ పిల్ల వాటా మారింది మూడేళ్ళ కిందట. అప్పుడు తను ఇరవై స్టాపుల ఇవతల, తన గదిలో ఉంది.

"ఆఖరికి నువ్వే కదే కింద భుజం పెట్టి లేపింది" అంది అక్క. "నీ ఎత్తు ఆ రోజు పనికొచ్చింది."

ఎవరో పొరుగింటి పొడుగు మనిషి అయి ఉంటుంది. అక్క మసక కన్ను ఎక్కడో గాలిలో చూస్తోంది. మొహం నిండా నవ్వు. ఆ మెట్ల దగ్గర చెల్లెల్ని ఎప్పుడు నిలబెట్టుకుందో ఆమెకే తెలియదు, అసలు నిలబెట్టుకున్నానన్న ధ్యాసే లేదు.

పొడుగమ్మ తువ్వాలుని రెండు మడతలు వేసింది.

"భలే బరువు ఆ బీరువా" అంది. "రెండు రోజులు నా భుజం లేవలేదు."